డిస్కులు చెడగొట్టబోతున్న మా కోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కోడలికి ఆఫీసుల కొత్త పని ఇచ్చిండ్రట, డిస్కులను కావాలని చెడగొట్టి చూస్తదట, ఉద్యోగం ఉంటదా ఊడుతదా నువ్వే అడుగు వదినా" అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. బ్యాకప్ నడుస్తుండగా డిస్కు మొండికేస్తే ఏమవుతుందో చూడటానికి ఒక మనిషిని పెట్టి జీతం ఇస్తున్నారంటే, ఆ మనిషి మా అన్న బిడ్డ అంటే, గర్వంగా ఉండదా మరి. ఉంది. దాంతోపాటు భయం కూడా ఉంది. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

వేరే మిషన్ మీద, ఉత్తుత్తి డేటాతో చెయ్యాలని నీకు నేను చెప్పక్కర్లేదు. నా భయమల్లా రాత్రి పదకొండింటికి నువ్వు కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోలు రెండు పక్కపక్కన తెరిచి పెట్టుకుని, నిద్రమత్తులో ఒకదాంట్లో కొట్టాల్సింది ఇంకోదాంట్లో కొడతావని. ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు సర్వర్లలోకి, వెళ్లే లాగిన్ కీ ఆ మిషన్లో అసలు ఉండొద్దు. ఎంటర్ నొక్కే ముందు డిస్కు పేరు పైకి చదువు. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ. నేను రిటైరయ్యేదాకా పైకే చదివాను, "మేడం మంత్రాలు చదువుతుంది" అనేవాళ్లు పిల్లలు.

నిజం డిస్కును సుత్తితో కొట్టే పని లేదు. ఒక ఐదు జీబీ ఖాళీ ఫైలు తీసుకుని లూప్ డివైస్ చేసి, అంటే ఆ ఫైలే డిస్కులా కనబడేలా చేసి, దాని మీద, డిస్కు మీద డిస్కు అల్లే లైనక్స్ డివైస్ మ్యాపర్‌తో ఒక ఉత్తుత్తి డిస్కు కట్టు. అంతా మామూలుగా పనిచేస్తూ మధ్యలో ఒక చిన్న ముక్క మాత్రం ఎప్పుడు ముట్టినా ఎర్రరే ఇచ్చే ఎర్రర్ టార్గెట్‌కు మళ్లేలా పట్టిక రాస్తే చాలు. ఈ పట్టిక లెక్కలో సెక్టార్ అనే డిస్కు ముక్క 512 బైట్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పేజీ 8 కేబీ, అంటే 16 సెక్టార్లు పాడుచేస్తే ఒక పేజీ పోతుంది. కాసేపు బాగుండి కాసేపు చచ్చిపోయే డిస్కు కావాలంటే డివైస్ మ్యాపర్‌లోనే డీఎం ఫ్లేకీ ఉంది. నడుస్తుండగానే చెడ్డ బ్లాకులు చేర్చాలంటే డీఎం డస్ట్ ఉంది. ఈ డస్ట్‌తో ఒక తిరకాసు: చెడ్డ బ్లాకు మీద ఏదైనా రాశావంటే అది బాగైపోయినట్టు లెక్క, మళ్లీ చదివితే ఎర్రర్ రాదు. అసలు డిస్కులూ అంతే, రాసేటప్పుడు లోపల స్పేర్ సెక్టార్‌కు మార్చేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి.

ఇంకో తిరకాసు, ఇది చాలామందిని ముంచింది. బ్లాకు పాడుచేస్తావు, బ్యాకప్ తీస్తావు, ఏ ఎర్రరూ రాదు, "అబ్బ, తట్టుకుంది" అనుకుంటావు. తట్టుకోవడం కాదు, అసలు డిస్కు దాకా పోనేలేదు. ఆ పేజీ మెమరీలోనే, డేటాబేస్ బఫర్లోనో కర్నెల్ పేజీ క్యాష్‌లోనో ఉంది, అక్కడినుంచే ఇచ్చింది. డేటాబేస్ ఆపి, క్యాష్ ఖాళీ చేసి, అప్పుడు చదివించు. రాసిన బ్యాకప్ ఫైలును సరిచూసేటప్పుడూ ఇదే సంగతి. అప్పుడే రాసిన ఫైలును అప్పుడే చదివితే మెమరీలో ఉన్నది చూసి మురిసిపోతాం, ప్లేటు మీద ఏం పడిందో తెలియదు.

ఇప్పుడు నా కథ విను. మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

2006లో నేను హన్మకొండలో ఒక సొసైటీలో పనిచేసేదాన్ని, పేరు వద్దులే. ఒక్క సర్వర్, ఒక్క డిస్కు, జత డిస్కు అడిగితే "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం" అనేవాళ్లు. రాత్రి రెండింటికి, టైముకు పనులు నడిపే క్రాన్‌లో నా స్క్రిప్ట్ నడిచేది. డేటాబేస్ మొత్తం చదివి బయటికి పోసే పీజీ డంప్‌ను పైపు పెట్టి, ఫైలు కుదించే జీజిప్‌లోకి, అక్కడినుంచి ఫైల్లోకి, తర్వాత ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే పని సరిగ్గా అయిందని, ఉంటే "బ్యాకప్ ఓకే" అని ఒక వరుస, తర్వాత వారం దాటిన పాత ఫైళ్లు డిలీట్. పొద్దున వెళ్లగానే ఆ వరుస చూసి రిజిస్టర్లో టిక్కు కొట్టేదాన్ని. ఎర్ర రిజిస్టర్, మూడు గళ్లు: తేదీ, స్టేటస్, సంతకం. ఎంత చక్కటి టిక్కులో. ఫైలు సైజుకు గడి పెట్టాలన్న ఆలోచనే రాలేదు చూడు!

డేటాబేస్‌లో రసీదుల టేబుల్లో ఎప్పటివో పాత వరుసలున్న చోట ఒక సెక్టార్ పోయింది. ఆ వరుసలను రోజువారీ పనిలో ఎవరూ ముట్టుకోరు, కౌంటర్లో అంతా సాఫీగా నడుస్తోంది. రాత్రి డంప్ మాత్రం మొత్తం చదవాలి కదా, అక్కడికి రాగానే "ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్" అని అరిచి చచ్చిపోయేది. కానీ పైపులో చివరున్నది జీజిప్. దానికి వచ్చినంతవరకు నీటుగా కుదించి, ఫైలు మూసి, సున్నా అని చెప్పి వెళ్లిపోయింది. కమాండ్లు నడిపే షెల్ పైపులో చూసేది చివరివాడి మాటే. నా స్క్రిప్ట్ "ఓకే" అంది, నేను టిక్కు కొట్టాను. నలభై రోజులు. ఎనిమిదో రోజుకే చివరి మంచి బ్యాకప్‌ను నా స్క్రిప్టే తుడిచేసింది.

మార్చి 30న వార్షిక వడ్డీ లెక్క నడిపితే అప్పుడు స్క్రీన్ మీద ఆ ఎర్రర్ కనబడింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. బతికున్న టేబుళ్లను ఒక్కొక్కటిగా వేరే చోటికి కాపీ చేసుకోవాలి కదా, నేను సర్వర్ రీస్టార్ట్ చేశాను. టెన్షన్‌లో. డిస్కు టిక్, టిక్, టిక్ అంది, గోడ గడియారం లాగా, అంతే, మళ్లీ లేవలేదు.

బ్యాకప్‌లు తెరిస్తే ఏడుకు ఏడూ ఇంచుమించు ఒకటే సైజు. మునుపు 180 ఎంబీ ఉండేది 110 అయింది. జీజిప్‌నే అడిగి చూశాం, ఫైలు బాగుందనే చెప్పింది, దాని మటుకు అది నిజమే. రసీదులు సగంలో తెగిపోయాయి, ఆ తర్వాతి టేబుళ్లకు చట్రం ఉంది, లోపల ఒక్క వరుస లేదు. సర్వర్ అడ్మిన్ ఖాతా, అదే రూట్ యూజర్ మెయిల్‌బాక్స్‌లో మాత్రం నలభై ఉత్తరాలు, క్రాన్ రోజూ బుద్ధిగా పంపిన ఎర్రర్లు. ఆ మెయిల్ ఎవరూ తెరిచిందే లేదు.

దీపావళికి ముందు ఆడిట్ కోసం కొట్టిన ఒక సీడీ దొరికింది కాబట్టి బతికాం. అక్కడినుంచి మార్చి దాకా ఐదు నెలల రసీదులు కౌంటర్‌ఫాయిళ్లు చూసి మళ్లీ ఎక్కించాం, నలుగురు ఆడవాళ్లం, ఏప్రిల్ ఎండలు, గంటకోసారి కరెంటు కోత. మీ మామ టిఫిన్ డబ్బా తెచ్చేవాడు, వెంట నువ్వు. ఒంటిపూట బడి కదా, మా ఇంట్లోనే ఉండేదానివి. రెండు కుర్చీలు కలిపి పడుకోబెడితే పడుకోకుండా, "నేను చదువుతా అత్తా" అని రసీదు నంబర్లు ఒక్కో అంకె పైకి చదివి వినిపించావు, ఆరేళ్ల పిల్లవు. ఆరును తొమ్మిది అని చదివితే తిట్టాను కూడా. ఇప్పుడు నువ్వే ఈ పని చేయబోతున్నావంటే నిద్ర ఎలా పడుతుంది చెప్పు.

అందుకే, టెస్ట్‌లో ఎర్రర్ వచ్చిందా అని మాత్రమే చూడకు. డిస్కు చదవనన్నప్పుడు ప్రోగ్రాం ఆగిందా, మొత్తం పైపు విఫలమైనట్టు తెలిసిందా, ఎవరో ఒక బతికున్న మనిషి ఫోన్ మోగిందా, పాత మంచి కాపీ చెక్కుచెదరకుండా ఉందా, అన్నీ చూడు. స్క్రిప్ట్‌లో పైప్‌ఫెయిల్ పెట్టు, పైపులో ఎవరు విఫలమైనా మొత్తం విఫలమైనట్టు చెప్తుంది, అది ఒక్క వరుస. కొత్త కాపీ వేరే చోట రీస్టోర్ చేసి లెక్క సరిపోయేదాకా పాతది తుడవకు. డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసే పీజీ బేస్‌బ్యాకప్ వాడితే, ప్రతి పేజీకీ సరిచూసే అంకె పెట్టే డేటా చెక్‌సమ్‌లు ఆన్ చేసి ఉంటే, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 11 నుంచి అదే సరిచూస్తుంది, తప్పు దొరికితే ఎగ్జిట్ కోడ్ చెడ్డదే ఇస్తుంది, కానీ ఆ బ్యాకప్‌ను తుడిచేయదు, అలాగే వదిలేస్తుంది. ఫోల్డర్ ఉంది కదా అని మీ స్క్రిప్ట్ మోసపోతుందేమో అదీ చూడు. పీజీ డంప్ మీ టేబుళ్ల ఇండెక్స్ పేజీలు, అంటే వరుసలను తొందరగా వెతకడానికి ఉంచుకునేవి, చదవదు, వాటిలో చెడు దానికి కనబడదు.

రాసే వైపు కూడా పాడుచెయ్యి, జనం చదివే వైపే చేసి ఆపేస్తారు. 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకే ఒక పెద్ద షాక్ తగిలింది. లైనక్స్‌లో, రాసింది నిజంగా డిస్కు మీద పడేలా చూసే ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమై ఎర్రర్ చెప్పాక, మళ్లీ అడిగితే "అంతా ఓకే" అనే అవకాశం ఉందని తేలింది, రాయని పేజీని రాసేసినట్టు లెక్కేసుకుని. 2019 ఫిబ్రవరి విడుదలల్లో, ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ సర్వర్ మొత్తం పానిక్ అయి, అంటే కావాలనే ఆగిపోయి, మార్పులు ముందే రాసుకున్న లాగ్ నుంచి కోలుకునేలా మార్చారు. అంత పెద్దవాళ్లే ఇరవై ఏళ్లు నమ్మారు, నా జీజిప్ ఎంత.

డిస్కును కాపీ చేసే డీడీకి నోఎర్రర్ సింక్ అని, అంటే ఎర్రర్ వచ్చినా ఆగొద్దని, పెట్టి "మొత్తం వచ్చింది" అనేవాళ్లను దూరం పెట్టు. చదవలేని చోట సున్నాలు నింపితే సైజు సరిగ్గా ఉంటుంది, అదే దాని దరిద్రం. నెమ్మదించే డిస్కును కూడా పరీక్షించు, డీఎం డిలేతో. ఎర్రర్ ఇచ్చే డిస్కు కనీసం ఎర్రరైనా ఇస్తుంది, గంటల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నించే డిస్కు బ్యాకప్‌ను తెల్లారేదాకా వేలాడదీస్తుంది, ఈలోపు క్రాన్ రెండో బ్యాకప్ మొదలుపెడుతుంది.

అన్నం టైముకు తిను. రాత్రి పదకొండు తర్వాత ఏ డిస్కునూ చెడగొట్టకు, పొద్దున చెడగొట్టుకోవచ్చు.

సద్దుల బతుకమ్మకు వస్తున్నావు కదా, నువ్వుల సత్తు చేసి పెడతా. లాప్‌టాప్ తెచ్చుకో, నీ టెస్టుల్లో ఏ ఎర్రర్‌ను ఎక్కడ మింగేశారో ఆ రోజు నాకు చూపించాలి. ఎర్ర రిజిస్టర్ బీరువాలో కింది అరలో ఉంది, సీడీ కూడా. మా ఇంట్లో దాన్ని చదివే డ్రైవ్ లేదు, మీ ఆఫీసులో ఉంటే అడిగి తీసుకురా.

మీ అత్త
వడ్డేపల్లి