మా ఆయన జైలుకెళ్ళొద్దు, మారితే చాలు – కోర్టు మార్పిస్తుందా?

ప్రశ్న: మేడం గారూ నమస్తే. మాది గుంటూరు జిల్లా. పెళ్ళై 9 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. నేను స్కూల్లో టీచర్‌ని, మా ఆయన ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో రికవరీ చేస్తారు. తాగినా తాగకపోయినా చెయ్యి చేసుకుంటారు, నా జీతం ఏటీఎం కార్డు కూడా ఆయన జేబులోనే ఉంటుంది. మూడుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాం, మూడుసార్లూ ఇంకెప్పుడూ కొట్టనని కాగితం రాసి సంతకం పెట్టారు, నెల తిరక్కుండానే మళ్ళీ మామూలే. నాకు విడాకులొద్దు, ఆయన్ని జైల్లో పెట్టించడమూ ఇష్టం లేదు. కాలిఫోర్నియాలో ఉండే మా పిన్ని కూతురు, అక్క వరస, చెప్పింది, అక్కడ భార్యని కొడితే కోర్టే మొగుణ్ణి ఏడాదిపాటు క్లాసులకి పంపిస్తుందంట. మన దగ్గర అలాంటిది ఉందా? కేసు వేస్తే ఆయన ఉద్యోగం పోతుందా?

జవాబు: అమ్మా, ఉంది గానీ మీ అక్క చెప్పినంత గట్టిది లేదు. ఉన్నదాన్ని కూడా మన దగ్గర చాలామంది తలకిందులుగా వాడతారు, ముందు రాజీ అయిపోయి తర్వాత మార్పు కోసం ఎదురుచూస్తారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ అక్క మాట. ఆవిడ చెప్పింది నిజమే. కాలిఫోర్నియా పీనల్ కోడ్‌లో 1203.097 అని సెక్షన్ ఉంది. గృహహింస కేసులో నేరం రుజువై మనిషిని ప్రొబేషన్ మీద, అంటే జైల్లో పెట్టకుండా షరతుల మీద బయట వదిలితే ఆ ప్రొబేషన్ కనీసం 36 నెలలు, దాంట్లో కనీసం ఏడాదిపాటు వారం వారం రెండేసి గంటల క్లాసుకి వెళ్ళి తీరాలి, సరైన కారణం చూపించినా మొత్తం మీద మూడు క్లాసుల కంటే ఎగ్గొట్టడానికి లేదు, ఎలా నడుచుకుంటున్నాడో ఆ ప్రోగ్రాం వాళ్ళు కోర్టుకి రిపోర్టులు పంపుతుంటారు. ఇంకో సంగతి, ఆ ప్రోగ్రాంలో భార్యాభర్తల్ని పక్కపక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చెయ్యకూడదని ఆ చట్టమే చెప్తుంది. కొట్టింది ఆయన, క్లాసు ఆయనకే. కానీ అక్కడ ఆ క్లాసు దాకా వెళ్ళే దారి చూడండి, అరెస్టు, కేసు, నేరం రుజువు, అదంతా అయ్యాకే క్లాసు. మీరేమో జైలు వద్దంటున్నారు. పైగా వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మన పిల్లలకి అక్కడ గృహహింస నేరం రుజువైతే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే కారణం సరిపోతుంది, అంచేత అక్కడి సంగతి మనం దూరం నుంచి అనుకున్నంత సుఖంగా ఏం ఉండదు. ఆ క్లాసుల వల్ల నిజంగా ఎంతమంది మారారనే దాని మీద అక్కడా వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

ఇక మన చట్టం. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాంట్లో సెక్షన్ 14 చూడండి. కేసు ఏ దశలో ఉన్నా సరే మేజిస్ట్రేట్ గారు భర్తని గానీ భార్యని గానీ, విడిగా గానీ కలిపి గానీ, కౌన్సెలింగ్‌కి వెళ్ళమని ఆర్డర్ ఇవ్వొచ్చు, అలా ఇస్తే తర్వాతి వాయిదా రెండు నెలలు దాటకూడదు. ఆ 'విడిగా' అన్న మాట కింద గీత గీసుకోండి, మీకు పనికొచ్చేది అదే. మన దగ్గర కౌన్సెలింగ్ అనగానే ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు కొంచెం తగ్గమ్మా నువ్వు కొంచెం తగ్గవయ్యా అనడం అలవాటైపోయింది. పక్కన ఆయన కూర్చుని ఉంటే మీరు నోరు విప్పి ఏం చెప్తారు, చెప్పినా సాయంత్రం ఇంటికెళ్ళాక దానికి బదులెవరు చెప్తారు. అందుకని పిటిషన్‌లోనే, ప్రతివాదిని, అంటే మీ ఆయన్ని, మాత్రమే విడిగా కౌన్సెలింగ్‌కి పంపాలి అని మీ లాయర్ చేత రాయించండి.

2006లో ఈ చట్టానికి రూల్స్ వచ్చాయి, వాటిల్లో 14వ రూల్ చాలామంది లాయర్లే సరిగ్గా చదవరు, నేను కూడా ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తల్లో చదవలేదు, దాచుకోవడం ఎందుకు. దాంట్లో ఉన్నదేంటంటే, కౌన్సెలింగ్‌లో భర్త తన దెబ్బలకి సాకులు చెప్పుకోకూడదు. కూరలో ఉప్పెక్కువైంది, మా అమ్మకి ఎదురు చెప్పింది, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది, ఇలాంటివేవీ అక్కడ చెల్లవని కౌన్సెలింగ్ మొదలవక ముందే ఆయనకి చెప్పాలి. ఇక మీద అలాంటి హింస చెయ్యనని ఆయన హామీ రాసివ్వాలి, అవసరమైతే కౌన్సెలింగ్‌లో తప్ప బయట మిమ్మల్ని కలవనని, ఫోన్లూ ఉత్తరాలూ కూడా ఉండవని రాసివ్వాలి. అసలు ఆ కౌన్సెలింగ్ ఉద్దేశమే హింస మళ్ళీ జరగదన్న భరోసా రాబట్టడం. రాజీ కోసం ప్రయత్నం చెయ్యాలంటే అది మీరు కోరుకుంటేనే, ఆయన కోరుకుంటే కాదు, వాళ్ళమ్మ కోరుకుంటే అసలే కాదు. కౌన్సెలర్ ఆయన బంధువై ఉండకూడదు, వీలైనంత వరకు ఆడవాళ్ళే ఉండాలని కూడా రూల్స్‌లోనే ఉంది.

కాగితం మీద ఇంత బాగుంది కదా, మరి జరిగేదేంటి అంటే, చాలా జిల్లాల్లో రెండు మూడు సిట్టింగులతో ముగించేస్తారు. మగవాళ్ళ కోసం ఏడాదిపాటు వారం వారం నడిచే ప్రోగ్రాం పెట్టాలని మన చట్టంలో ఎక్కడా లేదు, కాబట్టి కోర్టు పంపాలనుకున్నా ఎక్కడికి పంపాలి అన్నది కూడా ప్రశ్నే. నేను కౌన్సెలర్ల కష్టాన్ని తక్కువ చెయ్యట్లేదు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్లలో రోజంతా ఇవే వింటూ కూర్చునే అమ్మాయిల్ని చూశాను, కానీ తొమ్మిదేళ్ళ అలవాటు రెండు సిట్టింగుల్లో పోదు కదమ్మా.

పెద్దమనుషుల సంగతికొస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని కేంద్ర ప్రభుత్వం చేస్తుంది, 2019-21 సర్వేలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం తప్పు కాదు అన్నారు. ఆడవాళ్ళే అలా అంటుంటే రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన ఏమంటాడు, మగాడన్నాక ఒక దెబ్బేస్తాడు, పిల్లల మొహం చూసి సర్దుకో అంటాడు. అలాంటి చోట రాయించుకున్న కాగితంలోని మాట మీ ఆయన తప్పితే వాళ్ళేం చెయ్యగలరు, ఇంకో కాగితం రాయించుకుంటారు, అంతే. ఆ కాగితాలు పారేశారా? పారెయ్యకపోతే బీరువాలో జాగ్రత్తగా పెట్టండి, ఇంట్లో వద్దు, మీ అమ్మ వాళ్ళింట్లో. పంచాయితీగా అవి పనికిరానివే గానీ కోర్టులో అవి బంగారం, ఇంకెప్పుడూ కొట్టను అని రాశాడంటే ఇంతకుముందు కొట్టానని ఒప్పుకున్నట్టే కదా, అదీ తన సంతకంతో, సాక్షులతో, మూడుసార్లు.

ఇప్పుడు అసలు వరస చెప్తాను. ముందు ఆర్డర్, తర్వాత కౌన్సెలింగ్. డీవీసీ, అంటే గృహహింస చట్టం కింద కేసు, వేసిన రోజే సెక్షన్ 23 కింద మధ్యంతర ఆర్డర్ కోసం ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వెయ్యాలి, పరిస్థితి తీవ్రంగా ఉందని మేజిస్ట్రేట్ గారికి అనిపిస్తే మీ ఆయన కోర్టుకి రాకముందే మీ అఫిడవిట్ మీదే ఇవ్వొచ్చు. హింస చెయ్యకూడదు, స్కూల్ దగ్గరికి రాకూడదు, ఇలా సెక్షన్ 18 కింద రక్షణ ఉత్తర్వు. అదొచ్చాక ఆయన చెయ్యెత్తితే అది కేవలం మొగుడూ పెళ్ళాల గొడవ కాదు, కోర్టు ఆర్డర్ ధిక్కరించడం, సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు లేదా 20,000 వరకు జరిమానా లేదా రెండూ, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, బెయిల్ కూడా హక్కుగా రాదు. ఇదంతా మెడ మీద ఉండగా కౌన్సెలింగ్‌కి వెళ్ళే మనిషి వేరు, ఊరికే మొక్కుబడికి వెళ్ళేవాడు వేరు. ఇక్కడ ఒక మెలిక ఉంది, సెక్షన్ 31 వర్తించేది రక్షణ ఉత్తర్వుని మీరితేనే, కౌన్సెలర్‌కి రాసిచ్చిన హామీని మీరితే నేరుగా వర్తించదు. అందుకని ఆయన ఏ హామీ ఇచ్చినా అది ఆర్డర్‌లోకి ఎక్కేట్టు మీ లాయర్ ఒక మెమో వెయ్యాలి. ఈ చిన్న పని మర్చిపోయి తర్వాత తలపట్టుకున్న కేసులు చూశాను.

ఒకటి చెప్తాను, పేర్లు అక్కర్లేదు. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి భర్త కౌన్సెలింగ్‌కి ఒక్క వాయిదా తప్పలేదు, వచ్చినప్పుడల్లా మల్లెపూలు, పిల్లకి చాక్లెట్లు, కౌన్సెలర్ గారు కూడా మనిషి మారాడమ్మా అన్నారు, ఆ అమ్మాయి నేను వద్దంటున్నా వినకుండా కేసు విత్‌డ్రా చేసుకుంది. రెండు నెలలకి పెదవి చిట్లి వచ్చింది. అప్పుడు చేతిలో ఏ ఆర్డరూ లేదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇంకొకావిడ మొండిది, ఆర్డర్ తీసుకుంది, పిల్లల్తో అదే ఇంట్లో పై పోర్షన్‌లో ఉంది, ఆయన కింద. ఎనిమిది నెలలు ఆయన కౌన్సెలింగ్‌కీ మందు మాన్పించే సెంటర్‌కీ తిరిగాడు, తర్వాత కలిసే ఉన్నారు, ఆర్డర్ మాత్రం ఆవిడ ఇప్పటికీ తీసెయ్యలేదు. తియ్యక్కర్లేదు కూడా, సెక్షన్ 25 ప్రకారం రక్షణ ఉత్తర్వు మీరు వద్దని దరఖాస్తు పెట్టుకునే వరకు అమల్లోనే ఉంటుంది, ఆయన పరిస్థితులు మారాయని పిటిషన్ వేస్తే అది వేరే విచారణ. మీరు పెట్టినా సరే, బలవంతంతోనో భయంతోనో పెట్టారా అని కోర్టు అడగొచ్చు. తాళం మీ కొంగున ఉంటుందన్నమాట, పూలు చూసి ఇచ్చెయ్యకండి.

మందు గురించి మీరే ఒక మాట రాశారు, తాగినా తాగకపోయినా అని. చాలామంది మందే కారణం అనుకుంటారు. రికవరీ ఏజెంట్‌గా రోజూ ఎంతమందితో గొడవ పడతారో ఆయన, వాళ్ళలో ఎవరి మీదా లేవని చెయ్యి ఇంటికొచ్చాకే లేస్తోందంటే అది మందు పని కాదు కదా. మాన్పించడం మంచిదే, 14446కి ఫోన్ చేస్తే దారి చెప్తారు, కానీ మందు మానితే కొట్టడం మానేస్తారని లెక్కేసుకోకండి, అవి రెండు వేరు వేరు పనులు.

ఉద్యోగం సంగతి. డీవీసీ వేసినంత మాత్రాన అరెస్టు ఉండదు, నోటీసు వస్తుంది, లాయర్‌ని పెట్టుకుంటారు, వాయిదాలకి తిరుగుతారు, అంతవరకే. దానంతటది ఉద్యోగం తీసెయ్యదు. పోలీస్ స్టేషన్‌లో పెట్టే క్రూరత్వం కేసు వేరు, పాత 498ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 అయింది, మూడేళ్ళ వరకు శిక్ష, అది క్రిమినల్ కేసు. మీరిప్పుడు అది పెట్టకపోయినా ఆ హక్కు వెంటనే పోదు, కానీ దానికి మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది. మహిళా పోలీస్ స్టేషన్‌లో కూడా కౌన్సెలింగ్ చేస్తారు, తప్పులేదు, కానీ అది సెక్షన్ 14 కౌన్సెలింగ్ కాదు, అక్కడ రాసిచ్చింది కోర్టు ఆర్డర్ కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. ఇంకొకటి, ఎప్పుడైనా నేరం రుజువయ్యే దాకా వెళ్తే అప్పుడు కూడా జైలే గతి అని లేదు, 1958 ప్రొబేషన్ చట్టం కింద బాండు రాయించుకుని, మందు ముట్టకూడదని షరతు పెట్టి, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో వదలొచ్చు. మీ అక్క చెప్పినదానికి మన దగ్గర దగ్గరగా ఉన్నది అదే, మన కోర్టులు ఇలాంటి కేసుల్లో దాన్ని పట్టించుకోవడం తక్కువ.

చట్టం మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి చూడమంటుంది, అలా తేలిన డీవీసీలు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను, అందుకే మధ్యంతర ఆర్డర్ మీద అంత పట్టు పడుతున్నాను.

మీరు చెయ్యాల్సింది, ముందు బ్యాంకుకెళ్ళి ఆ పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది స్కూల్ అడ్రస్‌కి తెప్పించుకోండి, పిన్ మార్చండి, మీ జీతం మీకు దక్కకుండా చెయ్యడం కూడా ఈ చట్టంలో ఆర్థిక హింసే. కార్డు ఆగిందని తెలిసిన రోజు ఆయనకి కోపం వస్తుంది, కాబట్టి ఆ రోజు పిల్లల్తో మీ అమ్మ వాళ్ళింట్లో ఉండేట్టు చూసుకోండి. అమ్మ వాళ్ళది వేరే ఊరైనా పర్లేదు, మీరు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వెయ్యొచ్చు. తర్వాత గుంటూరులో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని కలవండి, ఆ మూడు కాగితాలు, దెబ్బల ఫోటోలుంటే అవి, ఆస్పత్రి ఓపీ చీటీలు, తేదీలు గుర్తున్నంత వరకు ఒక పుస్తకంలో రాసుకుని తీసుకెళ్ళండి, వాళ్ళు డీఐఆర్, అంటే గృహహింస ఘటన రిపోర్టు, రాసి కోర్టుకి పంపుతారు. లాయర్ ఫీజు గురించి ఆగకండి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి చెయ్యండి. ఈలోపు రాత్రిపూట ఏదైనా జరిగితే 112 గానీ 181 గానీ. ఇక ఈసారి ఎవరైనా నాలుగో కాగితం రాయిద్దాం రా అమ్మా అంటే, కోర్టులో రాయమనండి.