ఘాతాంకాల లెక్కల కోసం హైదరాబాద్ పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం. ఇంటర్‌లో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్ష మాక్ టెస్టుల్లో పెద్ద పెద్ద ఘాతాంకాల కూడికలు వస్తే చేతులెత్తేస్తున్నాడు. వాళ్ల పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, వీడూ వెళ్లాలని మా కోరిక. హైదరాబాద్ కోచింగ్‌కి పంపాలా, ఇంట్లో చదివితే చాలా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి లెక్కలు రాకుండా పోలేదు. ఆ టెన్షన్ ముందు వదిలేయండి. ఇంటర్‌లో ప్రతి లెక్కా చివరిదాకా చేయడం అలవాటు చేశారు. ఇక్కడ చేసేముందు చూడటం కావాలి.

2⁵⁰ + 2⁴⁰ విలువ దేనికి దగ్గర అని అడిగి 2⁵⁰, 2⁵¹, 2⁶⁰, 2⁹⁰ ఇచ్చారనుకోండి. కంగారులో ఘాతాంకాలు కూడేసి 2⁹⁰ పెట్టే పిల్లలు చాలామంది. తెర మీద కాలిక్యులేటర్ ఉంటుంది కానీ అది ఎనిమిది అంకెలు దాటదు, 2⁵⁰కేమో పదహారు అంకెలు. 2⁴⁰ అనేది 2⁵⁰లో 1,024వ వంతు. లక్ష రూపాయల దగ్గర వంద రూపాయల తేడా అన్నమాట, వదిలేయొచ్చు. జవాబు 2⁵⁰. అదే 2⁵⁰ + 2⁴⁹ అయితే వదలకూడదు, రెండోది మొదటిదాంట్లో సగం. ఇంకో చోట కూడా జాగ్రత్తపడాలి. 17¹⁰ని 16¹⁰ అనుకుని 2⁴⁰ అని రాసేస్తారు. అసలు విలువ దానికి దాదాపు 1.8 రెట్లు. కూడికలో చిన్నది కలిసిపోతుంది, ఘాతం కింద ఉన్న సంఖ్యలో చిన్న తేడా మాత్రం పెరిగి కూర్చుంటుంది.

రోజూ అరగంట, పెన్ను ముట్టకుండా, పెద్ద పదం ఏది, రెండోది అందులో ఎన్నో వంతు అని నోటితో చెప్పమనండి. జీఆర్ఈ లెక్కల భాగంలో 27 ప్రశ్నలకు 47 నిమిషాలే కాబట్టి ఈ చూపు చాలా సమయం మిగులుస్తుంది.

ఇక మీకు ఒక మాట, కాస్త గట్టిగానే చెబుతున్నాను. మీ ఉత్తరంలో మీ కోరిక ఉంది, పెదనాన్న కొడుకు ఉన్నాడు. అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. ఏ యూనివర్సిటీలకు అప్లై చేయాలో చూశారా? 2020 తర్వాత అక్కడ చాలా కోర్సులకు జీఆర్ఈ తప్పనిసరి కాదు. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసేందుకు ఇచ్చే అనుమతి మీద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే ఇంకో 24 నెలలు పనిచేయొచ్చు. ఆ తర్వాత ఉండాలంటే ఎక్కువమందికి దారి హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీయే. ఈ చదువుకి పొలం మీద అప్పు తెస్తే, లాటరీలో పేరు రాకపోయినా అది కట్టాల్సిందే. అందరూ వెళ్తున్నారని కట్టే ఫీజంటే నాకు భయం. తను నిజంగా ఇష్టపడి, కోర్సు ఎంచుకుని వెళ్తానంటే నేనే ముందు పంపమంటాను.

జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ వాళ్లు పవర్‌ప్రెప్ పేరుతో రెండు మాక్ టెస్టులు ఉచితంగా ఇస్తారు. ఒకటి రాయించండి. తప్పులు ఈ రకం లెక్కల్లోనే ఉంటే హైదరాబాద్ అక్కర్లేదు. వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగంలోనూ వెనకబడితే, కాలేజీ మానకుండా నెల్లూరులోనే సాయంత్రం క్లాసు చూడండి. ఆ టెస్టు రాసే రోజు మార్కులెన్నని మాత్రం గదిలోకి తొంగిచూడకండి.