దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, యాప్‌కి కాంటాక్ట్స్ పర్మిషన్ ఇస్తే తప్పేంటి?

కొత్తగా వేసుకున్న యాప్ కాంటాక్ట్స్ అడుగుతోందని, మీ దగ్గర రహస్యాలేమీ లేవు కాబట్టి ఇచ్చేస్తే పోయేదేముందని అడిగారు. 2020లో నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. ఇవ్వకండి. మీకు రహస్యాలు లేకపోవచ్చు, కానీ ఆ నంబర్లు మీవి కావు. ఒక్కో నంబరూ ఎవరో ఒకరు మిమ్మల్ని నమ్మి ఇచ్చింది.

నేను గుంటూరులో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేయిస్తాను. ఆ ఏడాది ఉగాది రోజే, మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైంది. వేసవి ముహూర్తాలు వాయిదా పడ్డాయి. కుట్టిన జాకెట్లు కవర్లలోనే ఉండిపోయాయి, డబ్బులు రాలేదు. మగ్గం పనివాళ్ళకి మాత్రం కూలి ఇవ్వాలి కదా. నవంబరులో పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యేసరికి జరీ, పూసలు, లైనింగ్ గుడ్డ కొనడానికి చేతిలో ఏమీ లేదు. అప్పుడు ఫోన్‌లో ఒక లోన్ యాప్ కనబడింది. 5,000 అప్పు అడిగితే ఫీజులు పోను చేతికొచ్చింది 3,500. వారంలో 5,000 కట్టాలి. వేసుకునేటప్పుడు కాంటాక్ట్స్, గ్యాలరీ, లొకేషన్ అని వరసగా అడిగింది. ఏదీ చదవలేదు. అలో, అలో, అలో అని నొక్కుకుంటూ పోయాను.

అప్పటికి నా ఫోన్‌లో నాలుగు వందల పైచిలుకు నంబర్లు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఒకే పేరు గలవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి గుర్తు కోసం 'బ్రాడీపేట లెక్చరర్ గారు', 'డాక్టర్ గారి చిన్న కోడలు', 'హాస్టల్ అమ్మాయి' అని సేవ్ చేసుకునేదాన్ని. అంటే నంబరుతో పాటు ఎవరు ఏ పేటలో ఉంటారో, ఏం చేస్తారో, ఎవరింటి కోడలో కూడా నా చేత్తోనే అప్పజెప్పాను. ఇక గ్యాలరీలో, ట్రయల్ వేసుకున్నప్పుడు వీపు మీద డిజైన్ కోసం తీసిన ఫోటోలు. వాటిలో కొన్నింటిలో ముఖాలు కూడా ఉన్నాయి. ఆ సంగతి గుర్తొచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కట్టడం రెండు రోజులు ఆలస్యమైంది. యాప్ వాళ్ళు ఫోన్ చేసి నన్ను తిట్టారు, అది నేను పడాల్సిందే. మూడో రోజు నుంచి నా కస్టమర్లకి చేశారు. నేను దొంగనని, వాళ్ళని హామీ పెట్టుకున్నానని చెప్పారు. లెక్చరర్ గారికి రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి, ఆవిడ ఎవరని నిలదీస్తే బూతులు మాట్లాడారు. మర్నాడు ఆవిడ ఆది జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చి ఒకే మాట అన్నారు. "నీ కొలతల పుస్తకంలో నా నంబరు ఉంటుందనుకున్నానమ్మా, అప్పులవాళ్ళ దగ్గర ఉంటుందనుకోలేదు." నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆవిడ నన్నేమీ తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

అప్పటికీ ఇప్పటికీ రూల్సు మారాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల ప్రకారం లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ లిస్టు, ఫైళ్ళు, ఫోటోలు ముట్టుకోకూడదు. గూగుల్ ప్లే కూడా 2023 మే 31 నుంచి పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫోటోల పర్మిషన్ ఆపేసింది. కాబట్టి ఇవాళ ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే, లింకు పంపి ఏపీకే (ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్ ఫైలు) వేసుకోమందంటే, అది చూడగానే తీసేయాల్సిన యాప్. కానీ మీ యాప్ లోన్ యాప్ కాకపోతే ఈ రూల్సు అడ్డం రావు. అక్కడ కాపలా మీరే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. అది నాకు ఎంత ఉందో లెక్చరర్ గారికీ అంతే ఉంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం మనం మన సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే వివరాలకి వర్తించదు. అంటే నా స్నేహితురాలి నంబరు నేను ఎవరికో ఇచ్చేస్తే నా మీద ఆమెకి ఆ చట్టం తోడు రాదు. ఇవ్వకూడదని నాకే తెలియాలి. యాప్ వల్ల మనకి కలిగే సుఖానికి ధర ఇంకొకరు కట్టకూడదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు కొలతలు, పేర్లు, నంబర్లు పుస్తకంలోనే రాసుకుంటున్నాను. ఫోన్‌లో సేవ్ చేసుకున్నా ఇంటి పేరో పేరో తప్ప ఊరు, ఉద్యోగం పెట్టను. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీలో పర్మిషన్ మేనేజర్‌కి వెళ్తే కాంటాక్ట్స్ ఏయే యాప్‌ల చేతిలో ఉన్నాయో వరసగా కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు టార్చ్ యాప్ కూడా కనబడింది! ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి మనం ఎంచుకున్న నంబర్లే ఇచ్చే వీలుంది. బ్లౌజు ఫోటోలు ఇప్పుడు బొమ్మకి తొడిగే తీస్తున్నాను. తొడుక్కున్నవాళ్ళు బాగుందని ఫోటో పంపినా, పేజీలో పెట్టనా అని అడుగుతాను. వద్దన్నవాళ్ళు ఎంతమందో చూశాక, అడగకుండా పెట్టిన పాత రోజులు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పెళ్ళి బయోడేటాల సంగతి కూడా ఇదే. పుట్టిన తేదీ, గోత్రం, జీతం, తండ్రి ఫోన్ నంబరు, అమ్మాయి మూడు ఫోటోలు ఒకే పీడీఎఫ్‌లో పెట్టి ఎవరూ ఎవర్నీ అడక్కుండా గ్రూపుల్లో తిప్పుతున్నాం. మంచి చేస్తున్నామనే తిప్పుతాం. నేనైతే పిల్ల తల్లికి ఫోన్ చేసి పంపనా అని అడిగాకే పంపుతాను.

మీరు ఇప్పటికే అలో నొక్కేసి ఉంటే, ముందు సెట్టింగ్స్‌లో ఆ పర్మిషన్ తీసేయండి. యాప్ తీసేసే ముందు అందులోనే ఖాతా, డేటా తొలగించమని అడగండి, వట్టిగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. వాళ్ళ సర్వరుకి వెళ్ళిపోయిన నంబర్లు మళ్ళీ మన చేతికి రావు. బెదిరింపులు మొదలైతే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అన్నిటికంటే ముందు, మీ ఫోన్‌లో ఉన్నవాళ్ళకి మీరే చెప్పండి, తెలియని నంబరు నుంచి నా పేరు చెప్పి చేస్తే ఎత్తకండని. నేను ఆ ఫోన్లు నాలుగో రోజు మొదలుపెట్టాను. మొదటి రోజే చేసి ఉంటే లెక్చరర్ గారు ఆ రాత్రి ఫోను ఎత్తేవారు కాదు.