ఇంట్లో ఇత్తడి ఫిల్టరు ఉండగా మోకా పాట్ కొనడం దండగేనా?

మీరు రెండు అడిగారు. ఫిల్టరు ఉండగా మోకా పాట్, అంటే స్టవ్ మీద పెట్టి కాచే ఇటలీ కాఫీ పాత్ర, అవసరమా అని ఒకటి, అసలు కాఫీకి ఇన్ని రకాల పాత్రలు ఎందుకు పుట్టాయని రెండోది. రెండోది తెలిస్తే మొదటిది మీకే తేలిపోతుంది, అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

పొడిలోని సారం నీళ్లలోకి దిగాలి, పిప్పి కప్పులోకి రాకూడదు. ఈ పాత్రలన్నీ దానికోసం పడ్డ తిప్పలే. టర్కీ వాళ్లు పిప్పి జోలికే పోలేదు. మెత్తటి పొడిని పొడుగు పిడి ఉన్న చిన్న గిన్నెలో కాచి, కప్పులో పోసుకుని, మడ్డి అడుక్కి చేరేదాకా ఆగి తాగుతారు. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పొడిని నీళ్లలో మరిగించి గుడ్డలో వడకట్టేదట. అలా మరిగితే చేదెక్కుతుంది.

మరిగించకుండా, పొడి మీద వేడినీళ్లు పోసి కిందికి దిగనిచ్చే రెండంతస్తుల పాత్ర 1800 ప్రాంతంలో పారిస్‌లో వచ్చింది. అప్పటి అక్కడి ఆర్చిబిషప్ డి బెలోయ్ పేరు మీద చెప్పుకుంటారు దాన్ని. మన ఫిల్టరు పనిచేసేదీ అలాగే. తోసేది ఏమీ లేదు, నీళ్లు వాటి బరువుకే దిగుతాయి. అందుకే చిక్కటి డికాక్షన్‌కి ఇరవై నిమిషాలైనా పడుతుంది.

ఒక్కోరోజు అదీ దిగదు. ఇంటికి చుట్టాలొస్తారు, స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి, కింది గిన్నెలో చూస్తే నాలుగు చుక్కలు. మా అమ్మ పై గిన్నెను కొద్దిగా పైకెత్తి మళ్లీ పెట్టేది. వెంటనే బొట్టు బొట్టుగా మొదలయ్యేది. రెండు గిన్నెలూ మరీ బిగుతుగా కూర్చుంటే కింది గిన్నెలోని గాలి బయటికి పోలేక నీటిని ఆపేస్తుందని నాకు చాలా ఏళ్లకి అర్థమైంది. అప్పటికీ దిగకపోతే పొడి మరీ మెత్తగా పట్టించారనో, పొడి మీద పెట్టే గొడుగు లాంటి బిళ్లతో గట్టిగా అదిమారనో అర్థం.

జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణికి కూడా కప్పులో మడ్డి అంటే విసుగే. ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం అందులో పరిచి వడకట్టింది. 1908లో పేటెంట్ తీసుకుంది. ఇప్పుడు వాడే పేపర్ ఫిల్టర్లన్నిటికీ మూలం అదే. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆవిడే. కాఫీ రోజూ కాచే మనిషి కాబట్టి చిక్కు ఎక్కడుందో ఆవిడకి చేతికే తెలిసింది.

ఇటలీ వాళ్లది వేరే దారి. నీళ్లు దిగేదాకా ఆగడమెందుకు, తోసేద్దాం అనుకున్నారు. టురిన్‌లో మోరియోండో అనే ఆయన 1884లోనే ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఎస్ప్రెసో కాఫీ మీద కనిపించే బంగారు రంగు నురగ మాత్రం 1940ల చివర్లో, పిడి లాగి ఒత్తిడి పెట్టే గాజియా లీవర్ మెషీన్లతో వచ్చింది. ఈలోగా 1933లో బియాలెట్టి అల్యూమినియం మోకా పాట్ తెచ్చాడు. కింది గిన్నెలో నీళ్లు వేడెక్కితే ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకి ఎగదన్నుతాయి. ఎస్ప్రెసో మెషీన్‌లో ఒత్తిడి తొమ్మిది బార్‌ల (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా ఉంటే, ఇందులో ఒకటీ రెండు బార్‌లు. కాబట్టి వచ్చేది ఎస్ప్రెసో కాదు, చిక్కటి ఘాటు కాఫీ.

నేను మోకా పాట్ కొన్న మొదటి రోజే ఇంట్లో ఉన్న, చికోరీ అనే వేరు పొడి కలిపిన ఫిల్టరు పొడి పోసి, మన అలవాటు ప్రకారం స్పూనుతో అదిమాను. నీళ్లు పైకి రాలేదు. పక్కనున్న వాల్వులోంచి బుస్సుమని ఆవిరి తన్నింది, వంటిల్లంతా మాడు వాసన. భయపడి స్టవ్ ఆపేశాను. చికోరీ తడిస్తే మెత్తబడి ముద్ద కడుతుంది. ఫిల్టరులో ఆ ముద్దే నీటిని నిదానంగా దింపి డికాక్షన్‌ని చిక్కబరుస్తుంది, మోకాలో మాత్రం దారికి అడ్డం పడుతుంది. తర్వాత పొడి కొట్టుకి వెళ్తే అతను అడిగిన మొదటి మాట, "ఫిల్టరుకా, వేరేదానికా?" ముందే అడిగి ఉండాల్సింది నేను.

కాబట్టి పాలు పోసుకుని తాగే అలవాటైతే మోకా పాట్ కొనకండి, దానికి మీ ఫిల్టరుని మించింది లేదు. పాలు లేకుండా, లేదా ఐదారు నిమిషాల్లో ఒక్కరికి కావాలంటే మోకా కొనుక్కోండి. చికోరీ లేని పొడి ఓ పావుకిలో, మోకా పాట్‌కి అని చెప్పి పట్టించండి. నీళ్లు వాల్వుకి కిందే ఉండాలి, పొడి అదమొద్దు, మంట సన్నగా పెట్టండి. గరగరమని చప్పుడు మొదలవగానే దించేయండి, ఆ తర్వాత వచ్చేదంతా చేదే.