సైనికుడు మేజోళ్ళు అడగాలి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

మాస్టారూ అని సంబోధించావు గనుక నిన్ను చనువుగా నువ్వనే అంటాను. బానిసత్వం గొడవతో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడిన అమెరికా అంతర్యుద్ధం మీద నువ్వు రాసిన నవల చేరింది. పండగ వెళ్ళాక తీరిగ్గా జవాబు రాద్దామనుకున్నాను గానీ, మూడో అధ్యాయంలో నీ సైనికుడు భార్యకు రాసిన ఉత్తరం చదివేసరికి ఒళ్ళు మండి ఇవాళే కాగితం ముందేసుకున్నాను.

తెల్లవారితే యుద్ధం. వ్యవసాయం తప్ప మరొకటి ఎరగని కుర్రవాడు గుడారంలో కొవ్వొత్తి వెలుగున నాలుగు పేజీలు రాశాడు. అందులో దేశం ఉంది, స్వేచ్ఛ ఉంది, వెన్నెల ఉంది, మరణాన్ని దాటిన ప్రేమ ఉంది. కాలి పుళ్ళు లేవు, పేలు లేవు, విరేచనాలు లేవు, జీతం అందలేదన్న గోడు లేదు. ఆ యుద్ధంలో పోయిన సైనికుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది గుళ్ళు తగిలి కాదు, రోగాలతో పోయారు. వాళ్ళ ఉత్తరాలు తిరగేస్తే మేజోళ్ళు పంపమని, తపాలా బిళ్ళలు పంపమని, ఇంటి దగ్గర పంట ఎలా ఉందో రాయమని అడిగినవే ఎక్కువ కనిపిస్తాయి. నీ కుర్రవాడి ఇంట్లో ఒక్క ఆవైనా లేదా? ఉంటే అది ఈనిందో లేదో అడగకుండా స్వేచ్ఛ మీద నాలుగు పేజీలు ఎలా నింపాడు?

ఈ ధోరణి నీకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. సల్లివాన్ బల్లూ 1861 జులై 14న భార్య సారాకు రాసిన ఉత్తరాన్ని 1990లో వచ్చిన టీవీ డాక్యుమెంటరీ పుణ్యమా అని ప్రపంచమంతా విన్నది. గొప్ప ఉత్తరమే, కాదనను. కాని బల్లూ న్యాయవాది, రోడ్ ఐలండ్ శాసనసభకు స్పీకరుగా చేసినవాడు, మాటలతో బతికినవాడు. పైగా తాను లేకుండా పోతే భార్య కంటబడాలని రాసిన ఉత్తరం అది. బుల్ రన్ పోరులో గాయపడి అతడు మరణించాక అతని పెట్టెలో దొరికింది. అటువంటి ఉత్తరంలో మేజోళ్ళు ఉండవు. నీ కుర్రవాడి ఉత్తరమో, మర్నాటి టపాలో వెళ్ళవలసినది.

నేను చెప్పదలచింది ఇదే. పాత కాగితం చేతికి వస్తే, అందులో ఏముందో చూసేముందు ఎవరు చదవాలని రాశారో చూడు. ఉత్తరాలూ డైరీలూ పత్రికలూ గతంలోకి తెరిచిన కిటికీలని నీ ముందుమాటలో రాశావు. అవతలివాడెవడన్న పట్టింపు కిటికీకి లేదు, ఉత్తరానికి ఉంది. ఉత్తరాది పక్షాన పోరాడిన నల్లజాతి సిపాయిల దళం మసాచుసెట్స్ 54వ రెజిమెంటులో జేమ్స్ హెన్రీ గుడింగ్ అనే నల్లజాతి కార్పొరల్ ఉండేవాడు. తాను నివసించిన ఊరి పత్రిక న్యూ బెడ్‌ఫర్డ్ మెర్క్యురీకి అతడు యుద్ధరంగం నుంచి లేఖలు రాసేవాడు. అతడే 1863 సెప్టెంబరు 28న సరాసరి లింకన్‌కు ఉత్తరం రాశాడు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టల కింద 3 కోత. మేము సైనికులమా, కూలీలమా అని అడిగాడు. ఊరివాళ్ళకు రాసేటప్పుడు ఎదుట ఉన్నది తనవారు. లింకన్‌కు రాసేటప్పుడు ఉన్నది ఇవ్వగలిగినవాడు. ఆ తేడా పట్టుకోలేనివాడికి గుడింగ్ సగమే దొరుకుతాడు. 1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలు సమానం చేసే చట్టం చేసింది. అప్పటికి గుడింగ్ శత్రువుల చేత చిక్కి ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో ఉన్నాడు. జులైలో అక్కడే పోయాడు.

డైరీ మాత్రం తనకోసమే రాసుకుంటారు కదా అంటావు. దక్షిణాది డైరీ అనగానే అందరూ చెప్పే మేరీ చెస్నట్ యుద్ధకాలంలో రాసుకున్న పుస్తకాలను 1880లలో ముందేసుకుని, సంభాషణలు పెంచి, చాలాచోట్ల కొత్తగా రాసింది. 1886లో ఆమె చనిపోయింది, అచ్చయింది 1905లో. ఏ పేజీ అప్పటిదో, ఏ పేజీ ఓడిపోయి ఇరవై ఏళ్ళు గడిచాక కూర్చుని రాసినదో తేల్చుకోకుండా ఆమె వాక్యాన్ని అధ్యాయం నెత్తిన పెట్టావు. ఇదొక ఫ్యాషను ఈమధ్య. అధ్యాయానికొక పాత కాగితం ముక్క అతికిస్తే పరిశోధనాత్మక నవల అని అట్ట మీద వేసుకోవచ్చు. బహుమతుల కమిటీలు కూడా అతుకులు లెక్కపెట్టుకునే మార్కులు వేస్తున్నట్టున్నాయి.

ఆమె పక్కన రేచెల్ కొర్మనీని పెట్టి చూడు. పెన్సిల్వేనియాలోని ఛాంబర్స్‌బర్గ్‌లో, భర్త ఉత్తరాది అశ్వికదళంలో ఉండగా, చంటిబిడ్డతో ఉన్న ఇల్లాలు. 1863 జూన్‌లో దక్షిణాది సేన ఆ ఊళ్ళో దిగి, నల్లవాళ్ళను వెతికి పట్టుకుని, ఆడవాళ్ళనూ పిల్లలనూ గొడ్లను తోలినట్టు తోలుకుపోవడం ఇంటి నుంచి చూసి రాసింది. అక్కడ అలంకారం లేదు. ఏమీ చెయ్యలేక చూస్తూ కూర్చోవలసి వచ్చిందన్న బాధ ఉంది. ఏనాడో ఎవరో మెచ్చుకుంటారని రాసిన రాత కాదు.

ఇక పత్రికలు. సంపాదకీయాల మీద నీకున్న మోజు చూసి జాలి వేసింది. నా చిన్నతనపు గొడవ ఒకటి చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేసినప్పుడు ఊరు ఖాళీ అయిన సంగతి మీద కథ రాద్దామని, గుమాస్తాగిరీ చేసుకుంటూ, సాయంత్రాలు వన్‌టౌన్ సందుల్లో తిరిగి ముసలివాళ్ళను పట్టుకునేవాణ్ణి. కురుపాం మార్కెట్ దగ్గర ఒక ఇంటివారు కార్డుల కట్ట చేతికిచ్చారు. శృంగవరపుకోట వైపు పల్లెకు తరలిపోయిన ఇంటిపెద్ద మద్రాసులో పరీక్షలకు కూర్చున్న కొడుక్కి రాసిన కార్డులు. వాటిలో బాంబుల మాటే లేదు. తాళంచెవి ఎవరికిచ్చిందీ, పాలవాడి బాకీ ఎంతున్నదీ, ఆవకాయకని కొన్న నువ్వులనూనె డబ్బా ఇంట్లోనే ఉండిపోయిందన్నదీ ఉన్నాయి. యుద్ధకాలం గనుక సెన్సారు భయం ఉండవచ్చు. కొడుకు పరీక్ష మానేసి రైలెక్కుతాడన్న భయం అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. ఆ నూనె డబ్బా చుట్టూ కథ అల్లి అప్పట్లో పేరున్న ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు గారు డబ్బా తీసేసి, విమానాల రొద ఒక పేరా తానే రాసి అచ్చు వేశారు. బాంబుల మోత లేని బాంబుల కథ పాఠకులు ఒప్పుకోరట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నాకు కోపం పోలేదు.

కాబట్టి సంపాదకీయం వదిలి చిన్న అక్షరాల్లోకి దిగు. ధరల పట్టిక, పారిపోయిన బానిసల కోసం యజమానులిచ్చిన ప్రకటనలు, చనిపోయినవారి జాబితాలు చూడు, ఆఖరికి అచ్చు వేసిన కాగితాన్నీ చూడు. దక్షిణాది ఊరు విక్స్‌బర్గ్‌ను ఉత్తరాది సేన ముట్టడించినప్పుడు ఆ ఊరి పత్రిక డైలీ సిటిజన్‌కు కాగితం అయిపోయి, గోడలకు అతికించే పూల కాగితం వెనకవైపు అచ్చు వేశారు. 1863 జులై 2 నాటి సంచికలో, జులై 4న ఊళ్ళో విందు చేసుకుంటానన్న ఉత్తరాది జనరల్ గ్రాంట్‌ను ఎగతాళి చేస్తూ, కుందేలును వండాలంటే ముందు పట్టుకోవాలి కదా అని రాశారు. సరిగ్గా 4వ తేదీన ఊరు లొంగిపోయింది. ఉత్తరాది సైనికులు పత్రిక ఆఫీసులో పేర్చి ఉన్న టైపు అలాగే ఉంచి, గ్రాంట్ కుందేలును పట్టేశాడని, ఇకపై ఈ పత్రిక కంచరగాడిద మాంసాన్ని పొగడబోదని అడుగున నాలుగు మాటలు చేర్చి మళ్ళీ అచ్చు కొట్టారు. ఒకే కాగితం మీద ఆకలితో ఉన్న ఊరికి ధైర్యం చెప్పేవాడొకడు, గెలిచి నవ్వేవాడొకడు. ఏ సంపాదకీయంలో దొరుకుతుంది ఇది?

నీ నవలలో నన్ను కదిలించిన పేజీ ఒకటుంది. యుద్ధం ముగిశాక, బానిసగా ఉండగా అమ్ముడైపోయిన కూతురి కోసం ఒక తల్లి చర్చి పాదిరీ చేత పత్రికకు ప్రకటన రాయించే పేజీ. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే క్రిస్టియన్ రికార్డర్‌లో అటువంటివి అచ్చయ్యేవి. బానిసలకు చదువు చెప్పడమే దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో నేరం. వాళ్ళ నుంచి ఉత్తరాలూ డైరీలూ మనకు ఎన్ని మిగులుతాయి? మిగిలిన కొద్దిలో ఈ ప్రకటనలున్నాయి. అయితే నీ తల్లి కూతురి అందచందాలు వర్ణించింది. అసలు ప్రకటనల్లో బిడ్డ పేరు, యజమాని పేరు, ఎవరికి అమ్మాడు, ఏ ఊరికి తీసుకుపోయారు, ఇవి ఉంటాయి. బిడ్డ జాడ చెప్పాలంటే బిడ్డను అమ్మినవాడి పేరు చెప్పక తప్పదు. ఆ పేరు ఆమె నోట పలికించు, వర్ణన తీసెయ్యి.

ప్రచురణకర్తల గురించీ, ఇంగ్లీషులోకి అనువాదం గురించీ, పోటీల గురించీ అడిగావు. మూడో అధ్యాయం ముందు తిరగరాయి. అదే రాత్రి ఆ కుర్రవాడి చేత మూడు ఉత్తరాలు రాయించు: భార్యకు, అన్నకు, బాకీ ఉన్న కొట్టువాడికి. మూడూ పంపు. నవలలో ఏది ఉండాలో అప్పుడు చూద్దాం.

మరో రెండు సవరణలు. ఛాంబర్స్‌బర్గ్‌లోని వ్యాలీ స్పిరిట్ లింకన్‌కు ఎదురుపక్షమైన డెమోక్రాట్ల పత్రిక. నువ్వు దాని చేత లింకన్‌ను పొగిడించావు. ఆ పొగడ్త అదే ఊళ్ళోని, లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ల పత్రిక ఫ్రాంక్లిన్ రిపాజిటరీకి మార్చు. ఛాంబర్స్‌బర్గ్‌ను దక్షిణాది సేన తగలబెట్టింది 1864 జులై 30న, లక్ష డాలర్ల బంగారం గాని అయిదు లక్షల నోట్లు గాని ఇమ్మని అడిగి, అందకపోతే. నువ్వు దాన్ని మంచు కురిసే కాలంలో పెట్టి, మర్నాడు పొద్దున్నే ఆ ఊరి పత్రికలో వార్త చదివించావు. అవి రెండూ వారపత్రికలు.