ముగింపు ముందే రాసుకో

చి. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ సిరీస్‌కి నువ్వు పంపిన వన్‌లైన్ ఆర్డర్, అదే సీన్లవారీగా ఒక్కో లైనులో రాసిన కథ వరుస, చదివాను. మొదటి సీజన్ పకడ్బందీగా కుదిరింది. అయిదో సీజన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘అప్పటికి చూద్దాం’ అని వదిలేశావు. ఏళ్ల తరబడి నడవాల్సిన సైన్స్ ఫిక్షన్‌కి ఆ మాట పనికిరాదమ్మా. దారి ఎన్నిసార్లయినా మార్చుకో, చేరాల్సిన చోటు మాత్రం ఇప్పుడే తేల్చుకో.

ఒక అంతరిక్ష కేంద్రంలో జరిగే అమెరికా సిరీస్ ‘బాబిలాన్ 5’ చూడు. దాని సృష్టికర్త జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ దాన్ని అయిదేళ్ల కథగా ముందే అనుకుని మొదలుపెట్టాడు. 1994లో వచ్చిన మొదటి సీజన్ తొలి ఎపిసోడ్‌లోనే లోండో అనే రాయబారి తన చావు గురించి చెబుతాడు. ఇరవై ఏళ్ల తర్వాత, ముసలితనంలో, తనూ జీకార్ అనేవాడూ ఒకరి గొంతు ఒకరు నులుముకుని చనిపోతారని అతనికి కల. ఇద్దరివీ బద్ధశత్రు జాతులు, అందుకని అది పగ తీర్చుకోవడమే అనుకుంటాం. మూడో సీజన్‌లో ఆ ఘట్టం కళ్లెదుటికొస్తుంది. చక్రవర్తి అయిన లోండోని అతని ఒంటిని అంటుకుని ఉన్న ఒక పరాన్నజీవి ఆడిస్తోంది. తను బాగా తాగి దాన్ని నిద్రపుచ్చి, ఆ కాస్త వ్యవధిలో జీకార్‌ని పిలిచి, తనని చంపమని తనే అడుగుతాడు. జీకార్ గొంతు నొక్కుతుంటే అది మేలుకుంటుంది, లోండో చేతులు వాటంతటవే లేచి ఎదుటివాడి గొంతు పట్టుకుంటాయి. పగ అనుకున్నది స్నేహితుడు చేసిన ఆఖరి సాయం! ముగింపు తెలియనివాడు తొలి ఎపిసోడ్‌లో ఆ కల రాయలేడు. రాసినా ఊరికే బెదిరించడానికి పనికొస్తుందంతే.

ఇక పాత్రల సంగతి. మన డైలీ సీరియళ్లలో ఆర్టిస్టు డేట్లు దొరక్కపోతే ఆ పాత్రని రాత్రికి రాత్రి అమెరికా పంపేస్తాం, లేదా యాక్సిడెంట్ చేయించేస్తాం. స్ట్రజిన్‌స్కీ ప్రతి ముఖ్య పాత్రకీ ముందే ఒక తప్పించుకునే తలుపు పెట్టుకున్నాడు. ఆ అవసరం ఏకంగా హీరోతోనే వచ్చింది. కమాండర్ సింక్లెయిర్‌గా వేసిన మైఖేల్ ఓహేర్ మొదటి సీజన్ మధ్యలో తీవ్రమైన మానసిక అనారోగ్యంతో బాధపడ్డాడు. షూటింగ్ ఆపేద్దామని స్ట్రజిన్‌స్కీ అంటే, మిగతావాళ్ల ఉపాధి పోతుందని ఓహేర్ ఒప్పుకోలేదట. సీజన్ పూర్తిచేసి వెళ్లాడు. ఆయన బతికున్నంతకాలం స్ట్రజిన్‌స్కీ ఆ విషయం బయటపెట్టలేదు. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇద్దరిమీదా గౌరవం పెరుగుతుంది. రెండో సీజన్‌కి షెరిడాన్ అనే కొత్త కెప్టెన్ వచ్చాడు, సింక్లెయిర్ కథకి మూడో సీజన్‌లో న్యాయం జరిగింది. నీ ఏడు పాత్రలకీ ఎవరు ఎలా తప్పుకోవచ్చో ఒక్కో పేరా రాసిపెట్టు. ఆర్టిస్టులకి చూపించకు.

నాలుగో సీజన్ వేళకి అయిదోది వస్తుందో రాదో తెలియని పరిస్థితి. కథని బిగించేసి, ఆఖరి ఎపిసోడ్ కూడా షూట్ చేసేశారు. తీరా టీఎన్‌టీ ఛానెల్ అయిదో సీజన్‌కి ముందుకొచ్చింది. అప్పుడు ఆ ఎపిసోడ్‌ని దాచిపెట్టి, నాలుగో సీజన్ చివరికి వేరేది తీసి వేశారు. అసలు యుద్ధాలు ముందే అయిపోవడంతో అయిదో సీజన్ మొదటి సగం నాకు పలచగా అనిపిస్తుంది. అయినా ముగింపు చెక్కుచెదరలేదు. నీ ఓటీటీ వాళ్లు ఎప్పుడు చేతులెత్తేస్తారో చెప్పలేం, కాబట్టి ప్రతి సీజన్‌కీ అక్కడితో ఆపినా నిలబడే ముగింపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని అనుసరించకు. 110 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. అది అందరి ఒంటికీ పడే పని కాదు. 1989లో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ మూడో సీజన్‌కి రచనా బాధ్యత తీసుకున్న మైఖేల్ పిల్లర్, ఏజెంట్లు లేని కొత్తవాళ్లు పంపిన స్క్రిప్టులు కూడా చదివించాడు. కొత్తవాడిగా రాసిన స్క్రిప్టు పిల్లర్‌కి నచ్చి లోపలికొచ్చినవాడే రోనాల్డ్ డి. మూర్. తర్వాత ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ అనే పాత సిరీస్‌ని కొత్తగా తీర్చిదిద్దింది అతనే. నీ రైటర్స్ రూమ్‌లో కొత్త పిల్లలకి కనీసం రెండు కుర్చీలు ఉంచు, వాళ్లు రాసిన ఎపిసోడ్‌కి వాళ్ల పేరే వెయ్యి.

వచ్చే ఆదివారం లోపు ఆఖరి ఎపిసోడ్ సీన్ పేపర్లు పంపు. డైలాగులు లేకపోయినా ఫరవాలేదు. చదివి ఫోన్ చేస్తాను. పిన్ని నిన్ను అడిగినట్టు చెప్పమంది.

మీ బాబాయి