హైలైట్స్ వీడియో ఎవరూ చివరిదాకా చూడట్లేదు, ఎందుకు?

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్ 6 (ఇద్దరు కొట్టుకునే వీడియో గేమ్) బాగానే ఆడతాను. ఆన్‌లైన్ ర్యాంక్‌డ్ మ్యాచుల్లో, కాలేజీ ఫెస్టు టోర్నమెంట్లలో కొట్టిన కాంబోలన్నీ (ఆగకుండా వరసగా తగిలే దెబ్బలు) ఏరి పదకొండు నిమిషాల వీడియో చేశాను. సినిమా పాట, జూమ్‌లు, స్లో మోషన్ అన్నీ పెట్టాను. మా ఫ్రెండ్సే రెండో నిమిషంలో ఆపేస్తున్నారు, పైగా పాటకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పదకొండు నిమిషాలూ కాంబోలే అంటే రెండో నిమిషం దాకా ఉన్నారంటేనే మీమీద అభిమానం ఉన్నట్టు, వాళ్లనేం అనకండి. కాంబో ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది, అక్కడ అవతలి బొమ్మ కదలకుండా నిలబడి తన్నులు తింటుంది కదా. మ్యాచ్‌లో చూడాలనిపించేది ఆ మొదటి దెబ్బ ఎలా దొరికిందన్నది. అవతలివాడు రెండుసార్లు మీ మీదికి దూకాడు, మీరు గార్డ్ చేసి ఊరుకున్నారు, మూడోసారి కూడా దూకుతాడని కనిపెట్టి షోర్యుకెన్‌తో (పైకెగిరి గుద్దే దెబ్బ) గాల్లోనే కొట్టారు అనుకోండి, ఆ మూడు దూకుళ్లూ కలిస్తేనే హైలైట్. మీరు షోర్యుకెన్ తగిలిన దగ్గర్నుంచి కత్తిరించి పెట్టి ఉంటారని నా అనుమానం.

ఈ ఆటల్లో అందరికీ తెలిసిన క్లిప్ ఒకటుంది, 2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేమ్‌ల టోర్నమెంట్‌లోది, స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. జపాన్ ఆటగాడు డైగో ఉమెహరా ఆడుతున్న కెన్ అనే పాత్రకి హెల్త్ దాదాపు అయిపోయింది, గార్డ్ చేసినా ఆ కాస్త డ్యామేజీకే పోతాడు. అవతల జస్టిన్ వాంగ్ ఆడుతున్న చున్-లీ అనే పాత్ర సూపర్ (వరసగా తన్నే పెద్ద దాడి) వదిలింది. డైగో ఒక్కో తన్నుకీ సరిగ్గా ఆ క్షణంలో ముందుకి నొక్కుతూ పారీ చేసుకుంటూ (డ్యామేజీ లేకుండా దెబ్బని పక్కకి నెట్టేస్తూ) పోయి, చివరి తన్నుని గాల్లో పారీ చేసి, కిందికి దిగి కాంబోతో రౌండ్ ముగించాడు. అయితే క్లిప్‌ని మళ్లీ చూడండి. సూపర్ రాకముందు కొన్ని సెకన్లు కెన్ ఊరికే ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు, హెల్త్ బార్ ఖాళీగా కనిపిస్తుంటుంది, అందుకే ఆట అసలు తెలియనివాళ్లకి కూడా గుండె ఆగినంత పనవుతుంది. దాన్ని కత్తిరిస్తే మిగిలేది ఎగిరెగిరి తన్నే ఇద్దరు మనుషులు. (ఆ టోర్నమెంట్ డైగో గెలవలేదు, ఫైనల్లో ఓడాడు. ఆ సంగతి ఎందరికి గుర్తుంది?) చివరి ఓవర్లో ఎన్ని పరుగులు కావాలో చెప్పకుండా సిక్సర్ ఒక్కటే చూపిస్తే ఎలా ఉంటుందో, హెల్త్ బార్ కనపడకుండా జూమ్ చేసిన కాంబో కూడా అంతే. అందుకని జూమ్‌లు తీసేయండి. స్లో మోషన్ కావాలంటే ముందు మామూలు వేగంలో చూపించి, తర్వాత ఒక్కసారి వేయండి చాలు.

వీడియో మూడు నిమిషాలు దాటనివ్వకండి. కొత్తగా ఆడేవాణ్ణి చితక్కొట్టిన క్లిప్‌లు ముందు పారేయండి, వాటిలో మీ గొప్పేం లేదు. ఓడిపోయిన మ్యాచ్‌లో మంచి రౌండ్ ఉంటే మాత్రం నిస్సంకోచంగా పెట్టండి.

ఇక టెక్నికల్ సంగతులు. ఈ ఆట సెకనుకి 60 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు, అంటే అర సెకను కూడా కాదు. వీడియోని 30లో సేవ్ చేస్తే అందులో సగం ఎగిరిపోతాయి, మీరు దాన్ని చూసి తిప్పికొట్టిన వేగం ఎవరికీ కనపడదు. స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్‌లో 60 పెట్టండి, డావిన్చీ రిజాల్వ్‌లో ఎడిట్ చేసేట్టయితే క్లిప్‌లు లోపలికి తెచ్చే ముందే ప్రాజెక్ట్‌ని 60కి మార్చుకోండి, తెచ్చాక అది మారదు. రికార్డింగ్ ఎంకేవీ అనే ఫైల్ ఫార్మాట్‌లో పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. ఇంకోటి, రీప్లేలు ఉన్నాయిలే, తర్వాత చూద్దాం అని కూర్చోకండి. రీప్లేలో ఉండేది వీడియో కాదు, ఇద్దరూ నొక్కిన బటన్ల చిట్టా. అప్‌డేట్‌లో దెబ్బల లెక్కలు మారితే ఆ చిట్టాతో అదే మ్యాచ్ మళ్లీ రాదు, అందుకే పాత రీప్లేలు తెరుచుకోవు. నచ్చిన మ్యాచ్‌ని ఆ వారంలోనే రికార్డ్ చేసి పెట్టుకోండి.

పాట తీసేయండి. క్లెయిమ్ గొడవ అటుంచితే, దెబ్బ తగిలిన చప్పుడుని, కేఓ (నాకౌట్) పడ్డప్పటి అరుపుని పాట మింగేస్తుంది. మ్యూజిక్ లేకుండా కుదరదంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరికేవి తక్కువ సౌండ్‌తో వాడండి.

ప్రశ్న: మా టోర్నమెంట్ ఫైనల్‌ని ఫోన్‌లో తీశాం, స్క్రీన్ మసగ్గా వచ్చింది కానీ జనం కేకలు మాత్రం అదిరిపోయాయి. దీన్ని వాడుకోవచ్చా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: కేకలు వాడండి, బొమ్మ వదిలేయండి. ఆ మ్యాచ్ ఆ కన్సోల్‌లోనే రీప్లేగా సేవ్ అయ్యుంటే దాన్ని శుభ్రంగా రికార్డ్ చేసి, ఫోన్ ఆడియోని దాని కింద పెట్టండి. రౌండ్ మొదలయ్యేటప్పుడు వినిపించే 'ఫైట్' అన్న అరుపు రెండింట్లోనూ ఉంటుంది, అక్కడ కలిపితే ఆ రౌండంతా సరిపోతుంది, తర్వాతి రౌండ్‌కి మళ్లీ అలాగే కలుపుకోండి. కేకల మధ్య ఎవరైనా బూతులు తిట్టి ఉంటే అక్కడ మాత్రం సౌండ్ కట్ చేయండి, ఇంట్లో అమ్మావాళ్లు కూడా చూస్తారు.